అశ్వశిల్పములు: చూపినది, చూపనిది

శిల్పము చరిత్రకు సాక్షి యనుట యందఱు నంగీకరించిన విషయము. శాసనము దానమును, దాతను, తిథిని దెలుపును. కావ్యము కవి మెచ్చినదానిని వర్ణించును. నాఁటి జనుల యుడుపులు, ఆయుధములు, వాహనములు, వాని పరికరములు కంటి కెదురుగా నిలుచునది శిల్పమునందే. అయినను సాక్షి చెప్పిన మాటను నమ్ముట యొక పని. సాక్షి మౌనమున కర్థము చెప్పుట వేఱొక పని. ఒక వస్తువు శిల్పమునఁ గనఁబడినచో నది నాఁటి శిల్పికిఁ దెలిసియుండె ననవచ్చును. కనఁబడనిచో నది నాఁటికి లేదనవచ్చునా? ఈ ప్రశ్నకు సమాధానము వెదకుటకు గుఱ్ఱపు బొమ్మలకంటె ననుకూలమైన సామగ్రి యరుదు. ఏలయన, గుఱ్ఱముతో రౌతు, కళ్ళెము, జీను, అంకవన్నె, నడక యను నైదును జేరియుండును. ఈ యైదింటిలో నేదో యొకటి తఱచుగా లోపించుచుండును.

మొదటి యుదాహరణము సాంచీయందలిది. అచ్చటి మహాస్తూపముయొక్క తూర్పుతోరణమున నడిమి దూలముమీఁద సిద్ధార్థుని మహాభినిష్క్రమణము చెక్కఁబడియున్నది. తోరణము సుమారు క్రీ. పూ. 1వ శతాబ్ది నాఁటిది. దూలమున కొక కొనను గపిలవస్తునగరమును, దానినుండి వెడలు కంథకాశ్వమును గలవు. ఆ గుఱ్ఱమే వరుసగాఁ బలుమాఱులు చూపఁబడినది. దాని వీఁపు శూన్యము; కాని పైని ఛత్రము పట్టఁబడియున్నది. డెక్కల చప్పుడునకు నగరజనులు మేలుకొనకుండుటకై దేవతలు వానిని జేతులతో నెత్తిపట్టియున్నారు. దూలముయొక్క రెండవ కొనను బాదముద్రలును, వానిపై ఛత్రమును గలవు. ఛందకుఁడు వానికి మ్రొక్కుచున్నాఁడు. అటుపిమ్మట నగరమునకు మరలుచున్న గుఱ్ఱముమీఁద ఛత్రము లేదు.

పోవునప్పుడును వీఁపు శూన్యమే, వచ్చునప్పుడును శూన్యమే. భేదమంతయు గొడుగునందున్నది. గొడుగు గల శూన్యము కుమారుఁ డున్నాఁడని చెప్పును. గొడుగు లేని శూన్యము కుమారుఁడు లేఁడని చెప్పును. కథ తెలియనివాఁడు మొదటి గుఱ్ఱమును జూచి, యిది యెవరికో కానుకగాఁ గొనిపోఁబడుచున్న పట్టపు గుఱ్ఱమని చెప్పినచోఁ గంటికిఁ గనఁబడినంతవఱకు వానియందుఁ దప్పు లేదు. అతఁడు చూచినది సరియే. చూపనిదానిని జదువుటలోఁ బొరపడెను. అమరావతి ఫలకములందును ఛత్రచ్ఛాయను రౌతు లేక వెడలు కంథకము గలదు. ఆ స్తూపమునందే బుద్ధుని మానుషరూపమునఁ జూపిన ఫలకములును గలవు. క్రీ. శ. 3వ శతాబ్ది నాఁటి నాగార్జునకొండ శిల్పములందు మానుషరూపము స్థిరపడినది. రూపము నేల చూపకుండి రనుటలోఁ బండితుల కైకమత్యము లేదు. కాని యచ్చటి శూన్యము శిల్పి బుద్ధిపూర్వకముగా నుంచినదే యనుటలో సందేహము లేదు.

రెండవ యుదాహరణము అంకవన్నె. రౌతు పాదమున కాధారమైన యీ పరికరమునకు నేఁడు వ్యవహారమున రికాబు అను పేరు గలదు. అది పారసీకముద్వారా వచ్చిన యరబ్బీ పదము. జీను అనునది పారసీకపదము. అంకవన్నె లేని రౌతు తొడలతోను, మోఁకాళ్ళతోను గుఱ్ఱమును బిగఁబట్టి కూర్చుండవలెను. అంకవన్నె యున్నచోఁ బ్రక్కకు జాఱకుండ నిలిచి, పాదములపై లేచి, బల్లెమునో కత్తినో విసరఁగలఁడు. కావున దీని చరిత్ర యుద్ధచరిత్రలో నొక ముఖ్యభాగ మైనది. సాంచీ మున్నగు ప్రాచీన శిల్పములందుఁ గొందఱు రౌతుల పాదమునకో బొటనవ్రేలికో తగిలించిన యుచ్చు కనఁబడును. చెప్పులు లేక స్వారిచేయు నుష్ణదేశమున కది చాలును. దళసరి పాదరక్షలు తొడుగు శీతలదేశములఁ బాదమంతయుఁ బట్టు కడియము కావలెను. చీనాదేశమునఁ జాంగ్షా నగరముకడ క్రీ. శ. 302వ సంవత్సరపు సమాధిలో దొరకిన మట్టిబొమ్మ కొకప్రక్క మాత్రమే యంకవన్నె యున్నది. అది యెక్కుటకు మాత్ర ముపకరించినట్లు తోఁచును. క్రీ. శ. 415లో మృతినొందిన ఫెంగ్ సుఫూ సమాధిలో నిజమైన యంకవన్నెల జత దొరకినది.

ఈ క్రమమును జూచినవారి కొక సులభసూత్రము స్ఫురించును: అంకవన్నె లేని యశ్వశిల్పము ప్రాచీనము, ఉన్నది నవీనము. ఈ సూత్రమును రెండు విగ్రహములకుఁ బ్రయోగించి పరీక్షింపవచ్చును. రోమునగరమున మార్కస్ ఆరీలియస్ చక్రవర్తి కంచుబొమ్మ గలదు. అది క్రీ. శ. 2వ శతాబ్ది నాఁటిది. చక్రవర్తి పాదములు గాలిలో వ్రేలాడుచుండును, అంకవన్నెలు లేవు. చెన్నపట్టణమున సర్ థామస్ మన్రో కంచుబొమ్మ గలదు. ఇతఁడు 1800 మొదలు 1807 వఱకు దత్తమండలములకుఁ బ్రధాన కలెక్టరుగా నుండి, పిమ్మట మద్రాసు గవర్నరై, 1827లోఁ బత్తికొండకడ విషూచిచే మృతినొందెను. ఆతని బొమ్మను ఫ్రాన్సిస్ చాంట్రీ యను నాంగ్లశిల్పి పోఁతపోసెను. 1839లో నది ప్రతిష్ఠింపఁబడెను. ఈ బొమ్మయందును నంకవన్నెలు లేవు, జీనును లేదు.

సూత్రము ననుసరించినచో మన్రోయు రోమకచక్రవర్తియు నొక్క యుగమువారు కావలెను. శిల్పి మఱచిపోయె నను వాడుకమాట చెన్నపట్టణమునఁ బుట్టినది. అది నిలువదు, ఏలయన నదే శిల్పి లండనునందలి నాలుగవ జార్జిరాజు విగ్రహమునకును నిట్లే యంకవన్నెలు విడిచెను. ఒకే శిల్పి రెండు రాజకీయవిగ్రహములందు నొకే పరికరమును మఱచె ననుట యుక్తము కాదు. ప్రాచీన రోమకరీతి ననుసరించుట గౌరవమని యాతఁడు తలంచెననుటయే సమంజసము. రోమకశిల్పికి అంకవన్నె తెలియదు, కావునఁ జూపలేదు. చాంట్రీకిఁ దెలియును, అయినను జూపలేదు. కంటి కీ రెండు లోపములు నొక్కటియే. చరిత్రకు మాత్రము పరస్పరవిరుద్ధములు. రౌతుగా జీవితమంతయు గడపిన మన్రో యంకవన్నె లేక గుఱ్ఱమెక్కె నని యా విగ్రహమునుబట్టి చెప్పువాఁ డెట్లు నవ్వులపాలగునో, ఒక్క శిల్పమునుబట్టి ప్రాచీనరాజుల సైన్యమున కంకవన్నెలు లేవని చెప్పువాఁడు నట్లే కావచ్చును.

చూపనిదానివిషయ మిట్లుండఁగాఁ జూపినదంతయు నమ్మఁదగినదా యను ప్రశ్న మిగిలియున్నది. అమరకోశమున నశ్వముయొక్క గతు లైదు చెప్పఁబడినవి. ప్లుతము, వల్గితము, రేచితము, ధౌరితకము, ఆస్కందితము అనునవి యవి. వీనికే ధారలని పేరు. పాఠము చెప్పునప్పుడు ప్లుతమునకుఁ జిత్రములనుండి యుదాహరణము చూపుట సహజము. ముంగాళ్ళు ముందునకును, వెనుకకాళ్ళు వెనుకకును జాఁచి, నేలను దాఁకక యెగురు గుఱ్ఱము పెక్కుదేశముల చిత్రములందుఁ గనఁబడును. 1821లో జెరికో యను ఫ్రెంచిచిత్రకారుఁడు వ్రాసిన ఎప్సమ్ పందెపు గుఱ్ఱములన్నియు నీ రీతినే పాఱుచున్నవి. 1878లో నమెరికాయందు మైబ్రిడ్జి యను ఛాయాచిత్రకారుఁడు పరుగెత్తు గుఱ్ఱమును వరుసగా నమర్చిన పెక్కు యంత్రములతో నొకదానివెంట నొకటిగాఁ జిత్రములు తీసెను. నాలుగు డెక్కలు నొక్కమాఱు నేలను విడుచుట నిజమే యని యా చిత్రములవలన రుజువైనది. కాని యా క్షణమునఁ గాళ్ళు బారగాఁ జాఁపఁబడియుండవు, పొట్టక్రింద ముడుచుకొనియుండును. చిత్రకారులు వ్రాయుచు వచ్చిన భంగి యే క్షణమునను గుఱ్ఱమునం దుండదు. కన్ను చూడఁజాలని వేగమును మనస్సు పూరించెను. ఆ పూరణము శతాబ్దుల పర్యంతము ప్రత్యక్షముగా నమ్మఁబడెను.

ఱాతిపనియందు మఱియొక నిర్బంధము గలదు. శ్రీరంగమున శేషరాయమండపపు స్తంభములందు ముంగాళ్ళెత్తి నిలిచిన మహాశ్వములును, వానిపై బల్లెములు పట్టిన రౌతులును, క్రింద వ్యాఘ్రములును, భటులును గలరు. ఆ గుఱ్ఱములు స్తంభముతో నేకశిలగాఁ జెక్కఁబడినవి. ఱాయి యొత్తిడి నోర్చును గాని వంపు నోర్వదు. పరుగెత్తు గుఱ్ఱమును నాలుగు కాళ్ళును నేలనుండి లేపి ఱాతిలో నిలుపుట యసాధ్యము. నిట్టనిలువుగా లేచిన గుఱ్ఱమును క్రింది బొమ్మల యానికతో నిలుపుట సాధ్యము. కావున నా భంగి నాఁటి యశ్వశిక్షకు మాత్రమే సాక్ష్యము కాదు. ఱాతి స్వభావమునకును సాక్ష్యము.

ఈ విచారమంతయు శిల్పసాక్ష్యమును నిరాకరించుటకుఁ గాదు. గ్రంథసాక్ష్యముతో జతపడినప్పుడు దాని విలువ యెంతటిదో విజయనగరము చెప్పును. హంపీయందు మహానవమిదిబ్బమీఁదను, హజారరామాలయపు ప్రాకారముమీఁదను బారులు బారులుగా గుఱ్ఱములు చెక్కఁబడియున్నవి. దిబ్బమీఁద గడ్డములును, విదేశీయవేషమును గల మనుష్యులు గుఱ్ఱములను నడిపించుకొనివచ్చు దృశ్యములు గలవు. క్రీ. శ. 1535 ప్రాంతమున వ్రాసిన న్యూనిజ్ అను పోర్చుగీసువర్తకుఁడు రాజు ప్రతిసంవత్సరము ఓర్ముజునుండి వచ్చినవియు, దేశవాళివియు గలిపి 13,000 గుఱ్ఱములను గొనుచుండె నని చెప్పెను. ఱాతిమీఁది యుడుపులును, గ్రంథములోని ఓర్ముజు పేరును నొకదాని నొకటి బలపఱచుచున్నవి. మనుమంచిభట్టు హయలక్షణవిలాసమువంటి గ్రంథము తెలుఁగున నేల పుట్టెనో దీనివలన సుబోధమగును. గుఱ్ఱములకై యింత ధనము వెచ్చించు దేశమున మంచిచెడ్డ లెఱుఁగుట విద్యామాత్రము కాదు; అక్కఱ.

అయినను నిచ్చటఁ గూడ ఱాయి చెప్పని మాట యొకటి గలదు. సాళువ నరసింహుఁడు గుఱ్ఱములను బ్రదికినవైనను, చచ్చినవైనను వేయి పర్దావులకు మూఁడు చొప్పునఁ గొనుచుండె ననియు, నోడలలోఁ జచ్చినవాని తోఁకలు మాత్రము తెచ్చి చూపినను నా వెల యిచ్చుచుండె ననియు న్యూనిజ్ వ్రాసెను. నరసింహుఁడు 1485 మొదలు 1491 వఱకు నేలినవాఁడు; న్యూనిజ్ వినికివలనఁ దెలిసికొని వ్రాసినవాఁడు. మాట యక్షరాల నిజమైనను, కొంత పెరిగినదైనను, సముద్రమునఁ జాల గుఱ్ఱములు నశించుచుండె ననుట దానివలన స్పష్టము. దిబ్బమీఁద శిల్పి చెక్కినవి రేవు చేరి, రాజద్వారము చేరి, రాజుకంటఁ బడిన గుఱ్ఱములు. నడిసముద్రమునఁ బోయినవానికి దిబ్బమీఁదఁ జోటు లేదు.

కాఁబట్టి యొక బొమ్మయందు లోపించినదానికిఁ గారణము చెప్పుటకు ముందు నాలుగు విషయములు విచారింపవలెను. ఆ లోపము సంప్రదాయసిద్ధమా? పూర్వరీతి కనుకరణమా? శిల్పి చేతఁబట్టిన ద్రవ్యమువలనఁ గలిగినదా? లేక నాఁటి జనులకు నిజముగాఁ దెలియకపోవుటవలనఁ గలిగినదా? మొదటి మూఁడును గావని తేలిన పిమ్మటనే నాలుగవదానిని జెప్పవలెను. ఒకే కాలమునకుఁ జెందిన పలు శిల్పములను బోల్చిచూచుటయు, గ్రంథములను, శాసనములను, పదముల పుట్టువును దోడు తెచ్చుకొనుటయు నిందుకు మార్గము. సాంచీశిల్పి గొడుగు నుంచి తన శూన్యమున కర్థము తానే చెప్పెను. అట్టి గుఱుతు నుంచని శిల్పములే పెక్కు. వానియెడలఁ దొందరపడి తీర్పు చెప్పకుండుట పరిశోధకుని ధర్మము.