వార్తల్లో పదం: హైస్పీడ్ డేటా కన్వర్టరు

తిరుపతి ప్రాంతమున గాదంకియందు 1024 యాగీ యాంటెన్నాలతో 53 మెగాహెర్ట్జ్ పౌనఃపున్యమున ఆకాశమును శోధించుచున్న ఎంఎస్‌టీ రాడారు, ఊర్ధ్వవాయువులలోని సంక్షోభములనుండి మరలివచ్చు అతిక్షీణ సంకేతమును గ్రహించిన పిదప, కంప్యూటరు దానిని చదువుటకు ముందు ఒక పరివర్తనము జరుగవలయును. అవిచ్ఛిన్నముగ ప్రవహించు విద్యుత్సంకేతమును నియతక్షణములయందు కొలిచి అంకెలుగ మార్చు ఆ పరికరమే డేటా కన్వర్టరు.

సంకేతము ఆక్రమించు పౌనఃపున్యవిస్తృతికి రెండింతలకు మించి కొలతలు తీయనిచో మూలరూపము మరల లభింపదని నైక్విస్ట్, షానన్‌ల సిద్ధాంతము. గాదంకి పౌనఃపున్యమునకు మితవేగమే చాలును; కాని అనేక సైనిక, ఉపగ్రహ రాడార్ల మైక్రోవేవ్ సంకేతములు సెకనుకు వేయికోట్ల మారులు కంపించును. పూర్వము వానిని మిక్సర్లచే తక్కువ పౌనఃపున్యమునకు దించి కొలిచెడివారు. నేడు సెకనుకు వందలకోట్ల కొలతలు తీయు చిప్పులు వెలువడుటచే, ఆ మధ్యవర్తి పరికరములను తగ్గించి, యాంటెన్నా చెంతనే సంకేతమును అంకెలుగ మార్చుట సాధ్యమగుచున్నది.

వేగమే సర్వస్వమని తలచుట నా దృష్టిలో పొరపాటు. 12 బిట్ల కన్వర్టరు సంకేతమును 4096 మెట్లుగ విభజింపగలదు. ఐనను కొలిచెడి క్షణము సగటున 100 ఫెమ్టోసెకన్లు అటునిటు తొలగినచో, 10 గిగాహెర్ట్జ్ సంకేతముకడ సుమారు 7 బిట్లు మాత్రమే నమ్మదగినవిగ మిగులును. బలమైన ప్రతిఫలనముల నడుమ మరుగుపడిన చిన్న విమానపు జాడను పట్టవలెనన్న, కన్వర్టరునకు కాలము నందించు ఆసిలేటరు స్వచ్ఛతకై ఇంజనీర్లు అంతగా శ్రమించుట ఇందువలననే.