గురి అతుకులోనే

టేక్‌డౌన్ రైఫిల్ అంటే నడిమికి రెండు ముక్కలుగా విడిపోయి, మళ్లీ ఒక్కటిగా కలిసే రైఫిల్. సాధారణంగా ముందు ముక్కలో గొట్టం ఉంటుంది. తూటాను లోపలికి నెట్టి పేల్చే యంత్రభాగం, ట్రిగ్గర్, భుజానికి ఆనించే మడమ వెనక ముక్కలో ఉంటాయి. పనిముట్లు ముందేసుకుని కూర్చుంటే ఏ తుపాకీనైనా విప్పదీయవచ్చు. ఈ రైఫిల్ మాత్రం చేతివేళ్లతోనే చిటికెలో విడిపోవాలి. అంతే తేలిగ్గా కలవాలి. కలిశాక గుండు మునుపు తగిలిన చోటే మళ్లీ తగలాలి. మొదటి రెండూ పెద్ద కష్టం కాదు. మూడోదాన్ని సాధించడానికే తుపాకుల రూపకర్తలు నూట ముప్పై ఏళ్లుగా బుర్ర పెడుతున్నారు. ఈ రైఫిల్ మీద దాని యజమానులకుండే మక్కువకు కూడా మూలం అదే.

జంట గొట్టాల తుపాకీని, అంటే షాట్‌గన్‌ను, దగ్గరగా చూసినవారికి ఈ ఆలోచన కొత్తగా అనిపించదు. దాన్ని కీలు దగ్గర వంచి, ముందున్న చెక్కను తీసేస్తే గొట్టాలు ఊడి చేతికొస్తాయి. అయితే ఆ తుపాకీ నుంచి చిన్న చిన్న గుండ్లు గుంపుగా, విస్తరిస్తూ వెళతాయి. గొట్టం వెంట్రుకవాసి కదిలినా అక్కడ పెద్ద తేడా రాదు. రైఫిల్ అలా కాదు. దాని గొట్టం లోపల మెలితిరిగిన గాడులు ఉంటాయి. ఒక్కటే గుండు ఆ గాడుల్లో ఒరుసుకుంటూ, బొంగరంలా తిరుగుతూ తిన్నగా దూసుకుపోతుంది. అందువల్ల రైఫిల్‌ను రెండు ముక్కలు చేసి అతకడం షాట్‌గన్‌ను అతకడం కంటే ఎన్నో రెట్లు నాజూకైన పని.

ఈ రకం రైఫిల్ అమెరికాలో 19వ శతాబ్దం చివరి పదేళ్లలో ప్రాచుర్యం పొందింది. యూటా రాష్ట్రంలోని ఆగ్డెన్ పట్టణానికి చెందిన జాన్ బ్రౌనింగ్, తమ్ముడు మాథ్యూతో కలిసి రూపొందించిన ఒక చిన్న రైఫిల్‌ను వించెస్టర్ సంస్థ 1890లో అమ్మకానికి పెట్టింది. ముందు చెక్కను వెనక్కి, ముందుకి జరిపితే తూటా మారే పద్ధతి దానిది. మొదట వచ్చిన రైఫిళ్లు విడిపోయేవి కావు. కొద్దికాలానికే పక్కనున్న ఒక మరను వేళ్లతో తిప్పితే రెండుగా విడిపోయే రూపం వచ్చింది. 1932 దాకా సాగిన తయారీలో 8 లక్షలకు పైగా రైఫిళ్లు అమ్ముడయ్యాయి. జాతరల్లో గురి చూసి బొమ్మలు పడగొట్టే దుకాణాలు దీన్ని ఎక్కువగా వాడాయి.

విడదీసే వీలు కోసం జనం ఎగబడడానికి అప్పట్లో రెండు కారణాలున్నాయి. ఒకటి ప్రయాణం. రైల్లో, గుర్రపు బండిలో వెళ్లేవాడికి మీటరు పొడవున్న తుపాకీ కంటే పెట్టెలో పట్టే తుపాకీ సుఖం. రెండోది శుభ్రత. ఆ రోజుల్లో వాడిన నల్ల తుపాకీమందు కాలాక మిగిలే మసి తేమను పీల్చుకుని గొట్టాన్ని తుప్పు పట్టించేది. ప్రతి వాడకం తర్వాత గొట్టం కడగక తప్పేది కాదు. వెనకవైపు తెరుచుకోని తుపాకీని మూతి నుంచే శుభ్రం చేయాలి. లోపలికి దూర్చే కడ్డీ మూతి అంచును ఒరుసుకుంటూ పోతే ఆ అంచు అరుగుతుంది. గుండు గొట్టాన్ని వదిలే చివరి చోటు అదే కాబట్టి, అక్కడ అరిగితే గురి దెబ్బతింటుంది. గొట్టం విడిగా చేతికి వస్తే వెనక నుంచే శుభ్రం చేసుకోవచ్చు, లోపల మెరుస్తోందో లేదో వెలుతురుకు ఎత్తి చూసుకోవచ్చు.

వించెస్టర్ తన 1886, 1892, 1894 మోడళ్ల పెద్ద రైఫిళ్లను కూడా విడిపోయే రూపంలో చేసింది. వాటిలో గొట్టం చివరి మర చుట్టూతా నిండుగా ఉండదు. మధ్యలో ఖాళీలు వదిలి మర కోస్తారు. గొట్టాన్ని ఆ ఖాళీల్లోంచి లోపలికి జార్చి పావుచుట్టు తిప్పితే మర పట్టేస్తుంది. ఇలా తెగిన మరతో పావుచుట్టులో బిగించే పద్ధతి తర్వాత వచ్చిన పేరున్న రైఫిళ్లలోనూ కనిపిస్తుంది.

నేడు టేక్‌డౌన్ రైఫిళ్లలో ఎక్కువ భాగం .22 లాంగ్ రైఫిల్ తూటాను పేల్చేవే. 1887లో అమెరికాలో పుట్టిన ఈ తూటా చిటికెన వేలంత కూడా ఉండదు. గుండు వ్యాసం 5.6 మి.మీ., బరువు సుమారు రెండున్నర గ్రాములు. చప్పుడు తక్కువ, భుజానికి తగిలే తోపు దాదాపు లేనట్టే, ధర కూడా తక్కువ. ఒలింపిక్స్‌లో 50 మీటర్ల రైఫిల్ పోటీలకు వాడేది ఇదే. హైదరాబాద్‌లో పెరిగి, 2012 లండన్ ఒలింపిక్స్‌లో ఎయిర్ రైఫిల్‌లో కాంస్యం గెలిచిన గగన్ నారంగ్ ఈ 50 మీటర్ల పోటీల్లోనూ పాల్గొన్నారు. ఆ పోటీ లక్ష్యంలో పది పాయింట్ల వలయం వ్యాసం 10.4 మి.మీ. మాత్రమే. అలాంటి పోటీలకు వాడే రైఫిళ్లు బరువైనవి, ప్రత్యేకమైనవి. తూటా మాత్రం ఒకటే.

విడిపోయే రైఫిల్‌కు ఈ చిన్న తూటా సరిగ్గా సరిపోయింది. పేలినప్పుడు .22 తూటాలో పుట్టే ఒత్తిడికి అమెరికా పరిశ్రమ పెట్టుకున్న పరిమితి చదరపు అంగుళానికి 24,000 పౌండ్లు. పెద్ద జంతువుల వేటకు వాడే .30-06 తూటాకు అది 60,000 పౌండ్లు. ఒత్తిడి ఎంత తక్కువైతే అతుకు మీద పడే భారం అంత తక్కువ. తేలికపాటి అతుకు కూడా వేల తూటాల దాకా వదులు కాకుండా నిలుస్తుంది.

అసలు చిక్కు గురి దగ్గర వస్తుంది. అతుకు పొడవు 50 మి.మీ. అనుకుందాం. అందులో 0.05 మి.మీ., అంటే తల వెంట్రుకంత సందు ఉంటే గొట్టం వెయ్యింట ఒక వంతు పక్కకు వాలుతుంది. 50 మీటర్ల దూరంలో ఆ వాలు 5 సెంటీమీటర్ల తేడా అవుతుంది. ఉడత తలకు పెట్టిన గురి కొమ్మకు తగలడానికి అంత తేడా చాలు. ఈ సమస్యను పేరున్న మూడు రైఫిళ్లు మూడు దారుల్లో పరిష్కరించాయి.

మొదటిది మార్లిన్ 39ఎ. 1897లో వచ్చిన మార్లిన్ రైఫిల్ వంశంలో పుట్టి, 1939లో ఈ పేరుతో స్థిరపడింది. కింద ఉండే లివర్‌ను చేత్తో దించి ఎత్తితే తూటా మారుతుంది. కుడిపక్కన పెద్ద మర ఒకటి ఉంటుంది. దాన్ని వేళ్లతోనో నాణెంతోనో విప్పితే రైఫిల్ విడిపోతుంది. అయితే ఇక్కడ ఊడేది గొట్టం కాదు. మడమ, ట్రిగ్గర్ ఉన్న భాగం ఊడుతుంది. గొట్టం, దాని వెనకనున్న ఉక్కు పెట్టె పైభాగం ఒకే ముక్కగా మిగులుతాయి. గురి చూసే సైట్లు, దుర్భిణి వంటి స్కోప్ ఆ ముక్క మీదే ఉంటాయి కాబట్టి వాటికీ గొట్టానికీ మధ్య అతుకే లేదు. ఎన్నిసార్లు విప్పి కలిపినా గురి చెక్కుచెదరకపోవడానికి కారణం ఇదే. పైగా, లివర్ రైఫిళ్లలో చాలావాటికి లేని సౌకర్యం దీనికుంది. గొట్టాన్ని వెనక నుంచే శుభ్రం చేసుకోవచ్చు.

రెండోది జాన్ బ్రౌనింగ్ రూపొందించిన .22 ఆటోమేటిక్. ట్రిగ్గర్ నొక్కిన ప్రతిసారీ ఒక గుండు వెళుతుంది, తర్వాతి తూటా తనంతట తనే వచ్చి కూర్చుంటుంది. బెల్జియంలోని ఎఫ్ఎన్ సంస్థ దీన్ని 1914లో మొదలుపెట్టింది. అమెరికాలో రెమింగ్టన్ సంస్థ ఇదే రూపాన్ని మోడల్ 24, ఆ తర్వాత 241 పేర్లతో చేసింది. తయారీ తర్వాతి కాలంలో జపాన్‌లోని మిరోకు సంస్థకు మారింది. మడమలో దాగిన గొట్టం లోంచి తూటాలు వస్తాయి, ఖాళీ తొడుగులు కిందికి రాలిపోతాయి. అందువల్ల యంత్రభాగం పక్కల మీద రంధ్రాలు లేని నున్నని రూపం దీనిది. ముందు చెక్క కింద ఉన్న చిన్న గొళ్లెం జరిపి పావుచుట్టు తిప్పితే గొట్టం విడిపోతుంది. రెండు ముక్కలూ దాదాపు అర మీటరు పొడవే. సైట్లు రెండూ గొట్టం మీదే ఉంటాయి. స్కోప్ పెట్టుకునే పీఠం కూడా గొట్టానికే బిగుస్తుంది. అంటే గొట్టం కాస్త వాలినా దానితోపాటు సైట్లూ వాలుతాయి, గురి తప్పదు. వాడకంలో అతుకు అరిగితే సందు పూడ్చడానికి సవరించుకునే కట్టు ఒకటి అమర్చారు. మున్ముందు వచ్చే అరుగుదలను ముందే ఊహించి దానికి మందు సిద్ధం చేయడం బ్రౌనింగ్ ముందుచూపు.

మూడోది రూగర్ 10/22 టేక్‌డౌన్. 1964లో వచ్చిన 10/22, అమెరికాలో అత్యధికంగా అమ్ముడైన .22 రైఫిళ్లలో ఒకటి. పది తూటాలు పట్టే దాని గుండ్రటి మ్యాగజైన్ బయటికి పొడుచుకు రాకుండా లోపలే ఇమిడిపోతుంది. విడిపోయే రూపం 2012లో వచ్చింది. ముందు చెక్క కింద మీట నొక్కి తిప్పితే గొట్టం వస్తుంది. మొదటిసారి కలిపేటప్పుడు ఒక చక్రాన్ని బిగించి సందు లేకుండా చూసుకోవాలి. ఆ తర్వాత మళ్లీ తాకనక్కర్లేదు. బరువు సుమారు 2.1 కిలోలు. రెండు ముక్కలూ వీపు సంచిలో పడతాయి. మొదటి రూపంలో ఇనుప సైట్లు గొట్టం మీదే ఉన్నాయి, వాటికి ఇబ్బంది లేదు. స్కోప్‌ను మాత్రం వెనక పెట్టె మీద బిగిస్తారు. అప్పుడు గొట్టానికీ స్కోప్‌కీ మధ్య అతుకు వస్తుంది, దాని బిగువు మీదే గురి ఆధారపడుతుంది.

ఈ మూడింటికీ భిన్నమైన దారిలో పుట్టినది ఏఆర్-7. రెండో ప్రపంచ యుద్ధం తర్వాత అమెరికా వైమానిక దళానికి ఒక అవసరం వచ్చింది. మనుషులు లేని చోట విమానం కూలితే, బతికి బయటపడిన పైలట్ చిన్న జంతువులను కొట్టి ఆకలి తీర్చుకోవడానికి ఒక తుపాకీ కావాలి. అది సీటు కింద పట్టాలి. ఆర్మలైట్ సంస్థ 1950ల్లో ఏఆర్-5 అనే రైఫిల్ చేసింది. వైమానిక దళం దాన్ని ఆమోదించింది కానీ పెద్ద ఎత్తున కొనలేదు. ఆ అనుభవంతో ఆ సంస్థ ఇంజనీరు యూజీన్ స్టోనర్ ప్రజల కోసం ఏఆర్-7 రూపొందించాడు. 1959లో వచ్చిన ఈ రైఫిల్‌లో గొట్టం, యంత్రభాగం, మ్యాగజైన్ అన్నీ బోలు మడమలోకి దూరిపోతాయి. మడమకు మూత పెట్టేస్తే నీళ్లలో పడినా తేలుతుంది. హెన్రీ సంస్థ నేటికీ దీన్ని తయారుచేస్తోంది. బరువు సుమారు 1.6 కిలోలు, సర్దినప్పుడు పొడవు 42 సెంటీమీటర్లు. అంతకంటే కుదించే వీలు లేదు. ప్రత్యేక రిజిస్ట్రేషన్ లేకుండా రైఫిల్ ఉంచుకోవాలంటే గొట్టం 16 అంగుళాలకు, అంటే 40.6 సెంటీమీటర్లకు తగ్గకూడదని అమెరికా చట్టం చెబుతోంది. ఆ గొట్టం చుట్టూ మడమను ఎంత దగ్గరగా కట్టవచ్చో అంత దగ్గరగా కట్టారన్నమాట.

ఇలాంటి రైఫిల్ కొన్నవారు చెప్పే సుఖాల్లో మొదటిది వెంట ఉండడం. పొడుగు తుపాకీ బీరువాలోనే ఉండిపోతుంది, సంచిలో పట్టేది అడవి బసకు, పడవ ప్రయాణానికి, కొండ నడకకు తోడొస్తుంది. రెండోది పనితనం చవి చూడడం. బాగా చేసిన అతుకులో ఉక్కు ఉక్కులోకి జారి, పావుచుట్టు తిరిగి, కదలిక లేకుండా ఆగిపోతుంది. బిగువుగా మూసుకునే పాతకాలం టేకు పెట్టె మూతను ఇష్టపడే మనిషికి ఆ ఆనందం వేరుగా చెప్పనక్కర్లేదు. మూడోది తుపాకీ లోపలి సంగతి తెలియడం. విప్పి కలిపే అలవాటున్నవారికి ఏ భాగం ఏం చేస్తుందో చేతులకే తెలిసిపోతుంది. శుభ్రం చేయడం బద్ధకంగా వాయిదా పడదు. పిల్లలకు తుపాకీ నేర్పే కుటుంబాల్లో ఈ చిన్న .22 రైఫిళ్లు తాత నుంచి మనవడికి చేరడం అమెరికాలో సాధారణం.

విడిగా దాచగలగడం భద్రతకూ ఉపయోగం. గొట్టం ఒక చోట, వెనక భాగం మరో చోట తాళం వేసి ఉంచితే దొంగ చేతికి గానీ పిల్లల చేతికి గానీ పూర్తి తుపాకీ దొరకదు. విప్పే ముందు మ్యాగజైన్ తీసి, తూటా గది ఖాళీగా ఉందని కంటితో చూసి, వేలితో తడిమి నిర్ధారించుకోవడం తప్పనిసరి నియమం. చిన్న తూటా కదా అన్న అలక్ష్యం ప్రమాదకరం. .22 గుండు కిలోమీటరుకు పైగా వెళ్లగలదు.

చట్టం దృష్టిలో కూడా రెండు ముక్కల సంగతి ఆసక్తికరమైనది. అమెరికా ఫెడరల్ చట్టం ప్రకారం క్రమ సంఖ్య ఉండే యంత్రభాగమే తుపాకీ, విడి గొట్టం తుపాకీ కాదు. భారత్‌లో 1959 ఆయుధాల చట్టం ఆయుధాల విడిభాగాలను కూడా ఆయుధాల నిర్వచనంలోనే చేర్చింది. ఇక్కడ .22 రైఫిల్‌కైనా లైసెన్సు ఉండాలి. 2019 సవరణ తర్వాత సాధారణ లైసెన్సుదారు రెండు తుపాకులకు మించి ఉంచుకోకూడదు. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద వినోదం కోసం వేటాడడం నిషిద్ధం కాబట్టి, రైఫిల్ మీద ఇష్టమున్నవారికి మన దేశంలో మిగిలిన చోటు షూటింగ్ రేంజ్.

టేక్‌డౌన్‌లో లోపాలూ ఉన్నాయి. అతుకు ఉన్న రైఫిల్ అదే ధరలో దొరికే అతుకులేని రైఫిలంత కచ్చితంగా ఉండడం అరుదు. మంచి అతుకుకు ఖర్చు ఎక్కువ. అతుకు ముఖాల మీద మసి, ఇసుక చేరితే గురి మారుతుంది, అందుకే కలిపే ముందు తుడవాలి. ఏఆర్-7 లాంటి అతి తేలిక రైఫిళ్లు కుదురుగా పట్టుకోవడానికి కష్టం. అందుకే కొనేవారు ఒక చిన్న పరీక్ష చేసుకోవడం మంచిది. 50 మీటర్ల దూరంలో కాగితం కట్టి ఐదు గుండ్లు పేల్చాలి. రైఫిల్‌ను విప్పి, తుడిచి, కలిపి, అదే గురితో మరో ఐదు పేల్చాలి. ఇలా నాలుగైదు సార్లు చేశాక కాగితం మీద రంధ్రాలన్నీ ఒకే గుంపుగా కనిపిస్తే అతుకు నమ్మదగినది. గుంపులు విడివిడిగా కనిపిస్తే, వదులైన చోటు బిగించి పరీక్ష మళ్లీ మొదలుపెట్టాలి.