ఒక గింజ – అరవై నాలుగు గళ్లు

కల్వకుర్తి దగ్గర ఒక ఊరు అనుకోండి. ఒక అక్క పత్తి విత్తనాలకు వెయ్యి రూపాయలు అప్పు తెచ్చింది. నూటికి నెలకు మూడు రూపాయల వడ్డీ. "మూడు రూపాయలే గదా! పత్తి అమ్మినంక కడతా" అనుకుంది. ఆ ఏడు వానలు పడలేదు. పత్తి ఎండింది. అప్పు నిలిచింది.

ఈ మూడు రూపాయల సంగతి తెలియాలంటే ఒక పాత కథ వినాలె.

ఒక పండితుడు రాజుకు చదరంగం నేర్పాడు. "ఏం కావాలె?" అన్నాడు రాజు. చదరంగం పలకకు 64 గళ్లు. "మొదటి గడిలో ఒక గింజ పెట్టండి. రెండో గడిలో రెండు. మూడో గడిలో నాలుగు. ఇట్ల గడిగడికీ రెట్టింపు చేయండి. అవి చాలు" అన్నాడు పండితుడు. రాజు నవ్వాడు.

జొన్న గింజలతో లెక్క చూడండి. 8 గళ్లకు మొత్తం 255 గింజలు. గుప్పెడు కూడా కావు. 16 గళ్లకు 65,535. 20 గళ్లకు 10 లక్షల 48 వేల 575. మరి 64 గళ్లకు?

18446744073709551615 గింజలు!

ఇందులో 20 అంకెలున్నాయి. లోకమంతా నూరేళ్లు పండించినా ఇన్ని గింజలు రావు.

ఈ సంఖ్య తెలుగు పద్యంలోనూ ఉంది. 11వ శతాబ్దపు కవి పావులూరి మల్లన చెప్పాడంటారు. పద్యంలో అంకెలకు బదులు మాటలుంటాయి. చంద్రుడంటే 1. వేదాలంటే 4. బాణాలంటే 5. ఆకాశమంటే 0. కాగితం లేకున్నా లెక్క నోటికి వచ్చేది.

రెట్టింపులో ఒక కిటుకుంది. 1, 2, 4 కూడితే 7. తర్వాతి గడిలో 8. అంటే ముందున్న గళ్లన్నీ కలిపినా, కొత్త గడిలో వాటికన్నా ఒక గింజ ఎక్కువే!

అప్పు కూడా ఇట్లనే పెరుగుతుంది. కట్టని వడ్డీని అసలులో కలిపితే వడ్డీకి వడ్డీ పడుతుంది. ఇదే చక్రవడ్డీ. అక్క అప్పు సుమారు రెండేళ్లకు 2 వేలు. నాలుగేళ్లకు 4 వేలు. ఆరేళ్లకు 8 వేలు. పదేళ్లకు 32 వేలు దాటుతుంది. అదే బారువడ్డీ అయితే నెలకు 30 రూపాయలే. పదేళ్లకు అసలు, వడ్డీ కలిపి 4,600.

అందుకే కాగితం మీద సంతకం పెట్టే ముందు అడగాలె: "బారువడ్డీనా, చక్రవడ్డీనా?" జవాబును కాగితం మీద రాయించాలె. చదువుకున్నంకనే సంతకం పెట్టాలె.

లెక్క చేయండి: 72ను నెల వడ్డీతో భాగించండి. చక్రవడ్డీ అప్పు సుమారు ఎన్ని నెలలకు రెట్టింపవుతుందో తెలుస్తుంది. 3 రూపాయల వడ్డీకి 24 నెలలు. 2 రూపాయల వడ్డీకి ఎన్ని నెలలు?