ఛత్తా బజార్‌లో విండోస్ మార్చాలా?

చార్మినార్‌కు నడిచి వెళ్లేంత దూరంలో, దారుల్‌షిఫా, పురానీ హవేలీల పక్కన ఉంటుంది ఛత్తా బజార్. ఎటు చూసినా అచ్చు పనే. పెళ్లి రుక్కాలు, శుభలేఖలు, విజిటింగ్ కార్డులు, బిల్లు పుస్తకాలు, పోస్టర్లు. ఈ వీధికి పేరు తెచ్చిపెట్టింది కాతిబులు. ఉర్దూను రెల్లు కలంతో ముత్యాల్లా రాసే లేఖకులు వాళ్లు. ఇప్పుడు కొద్దిమందే మిగిలారు. వాళ్ల పనిలో ఎక్కువ భాగాన్ని కంప్యూటర్ తీసుకుంది. ఆ కంప్యూటర్ల మీదికే ఇప్పుడొక గడువు వచ్చి పడింది. 2025 అక్టోబర్ 14తో విండోస్ 10కు మామూలుగా అందే భద్రతా అప్‌డేట్లను మైక్రోసాఫ్ట్ ఆపేసింది.

విండోస్ 11కు మారాలా, ఉన్నదాంతోనే నెట్టుకురావాలా అన్న ప్రశ్న దేశమంతటా ఉన్నదే. సినిమాలు చూసుకునే ఇంటి ల్యాప్‌టాప్‌కు దాని జవాబు తేలికగానే దొరుకుతుంది. అచ్చు దుకాణంలో అలా కుదరదు. నిఖా తేదీ ఖాయమై ఉంటుంది, కార్డులు పంచడానికి బంధువులు ఎదురుచూస్తుంటారు. అలాంటి రోజున ఫైలు తెరుచుకోకపోతే కంప్యూటర్ మీద నెపం పెట్టి తప్పించుకోవడానికి వీలుండదు.

పాతబస్తీలో ఈ చిక్కు మరింత బిగుసుకోవడానికి కారణం అక్షరాలే. ఉర్దూ రాసే నస్తాలీఖ్ శైలిలో అక్షరాలు ఒకే గీత మీద నిలబడవు. పైనుంచి కిందికి వాలుగా జారుతూ, పక్క అక్షరాన్ని బట్టి రూపం మార్చుకుంటాయి. అందుకే ఉర్దూ పత్రికలు చాలాకాలం చేతిరాత మీదే నడిచాయి. 1981లో పాకిస్థాన్‌కు చెందిన మీర్జా అహ్మద్ జమీల్, మోనోటైప్ సంస్థతో కలిసి నూరీ నస్తాలీఖ్‌ను తయారు చేశారు. ఇందుకోసం సుమారు 20,000 అక్షర సమూహాలను విడివిడిగా సిద్ధం చేయాల్సి వచ్చింది. 1994లో ఢిల్లీ కంపెనీ ఒకటి తెచ్చిన ఇన్‌పేజ్ సాఫ్ట్‌వేర్ ఆ అక్షరాలను మామూలు విండోస్ కంప్యూటర్ మీదికి దింపింది. ఉర్దూ అచ్చు ప్రపంచం దాని వెంట నడిచింది.

తెలుగు డీటీపీ కథా ఇలాంటిదే. అను ఫాంట్లు, పేజ్‌మేకర్ జంట మీద మన దగ్గర లెక్కలేనన్ని పుస్తకాలు, కరపత్రాలు, శుభలేఖలు తయారయ్యాయి. పేజ్‌మేకర్ 7 వచ్చింది 2001లో. 2004 నాటికే అడోబీ దాన్ని అభివృద్ధి చేయడం మానేసి ఇన్‌డిజైన్‌కు మారిపోయింది. కానీ చేతివేళ్లు పేజ్‌మేకర్‌కు అలవాటుపడ్డాయి, పాత ఫైళ్లన్నీ అందులోనే ఉన్నాయి. కాబట్టి దుకాణాల్లో అది బతికే ఉంది. దాని కోసం విండోస్ ఎక్స్‌పీ, విండోస్ 7 కూడా చాలాచోట్ల బతికే ఉన్నాయి. ఎక్స్‌పీకి మద్దతు 2014 ఏప్రిల్ 8న ముగిసింది. విండోస్ 7కు 2020 జనవరి 14న ముగిసింది.

అందుకే కంపోజింగ్ చేసేవాళ్లు కొత్త విండోస్ అంటే భయపడతారు. ఆ భయాన్ని బద్ధకమని కొట్టిపారేయడం అన్యాయం. దాని వెనుక గట్టి సాంకేతిక కారణమే ఉంది. విండోస్ 11 కేవలం 64-బిట్‌లోనే వస్తుంది. 32-బిట్ కాలపు సాఫ్ట్‌వేర్లు అందులో చాలావరకు నడుస్తాయి, 16-బిట్‌వి అసలు నడవవు. తొంభైల నాటి కొన్ని సాఫ్ట్‌వేర్ల విషయంలో అసలు ప్రోగ్రాం 32-బిట్‌ది అయినా, ఇన్‌స్టాల్ చేసే ఫైలు మాత్రం 16-బిట్‌ది. సీడీ పెట్టగానే అక్కడే ఆగిపోతుంది. డాంగిల్ అనే చిన్న లైసెన్సు పరికరం గుచ్చితేనే తెరుచుకునే పాత సాఫ్ట్‌వేర్లకు మరో ఇబ్బంది. ఆ డాంగిల్ డ్రైవర్ 32-బిట్‌ది అయితే 64-బిట్ విండోస్ దాన్ని దగ్గరికి రానివ్వదు. పాత ప్రింటర్లు, స్కానర్లదీ అదే సమస్య.

ఇంకొకటి. ఇప్పుడు వాడుతున్న విండోస్ 32-బిట్‌ది అయితే దాని మీదే నేరుగా 11 ఎక్కించడం కుదరదు. మొత్తం తుడిచి కొత్తగా వేయాలి. విండోస్ 10 సెట్టింగ్స్‌లో సిస్టమ్, తర్వాత అబౌట్ నొక్కితే అది ఏ రకందో కనిపిస్తుంది. మెకానిక్‌ను పిలిచే ముందు అది చూసుకోవడం మంచిది.

మరి పాతదే ఉంచుకుంటే వచ్చే నష్టమేంటి? దీనికి జవాబు తెలుగు నేల మీదే దొరికింది. 2017 మే 12న వన్నాక్రై అనే వైరస్ ప్రపంచమంతటా కంప్యూటర్ల మీద పడింది. ఫైళ్లకు తాళం వేసి, తీయాలంటే బిట్‌కాయిన్లలో డబ్బు కట్టమంది. ఆంధ్రప్రదేశ్‌లో చిత్తూరు, కృష్ణా, గుంటూరు, విశాఖపట్నం, శ్రీకాకుళం జిల్లాల పోలీసు కంప్యూటర్లు కూడా దాని బారిన పడ్డాయి. ఆ లోపాన్ని సరిచేసే అప్‌డేట్‌ను మైక్రోసాఫ్ట్ అంతకు రెండు నెలల ముందే, మార్చి 14నే విడుదల చేసింది. అప్పటికి మద్దతు ఉన్న విండోస్‌లకు అది ఉచితంగానే అందింది. ఎక్స్‌పీకి మాత్రం దాడి జరిగాకే హడావుడిగా ఇచ్చారు. తర్వాత కాస్పర్‌స్కీ సంస్థ లెక్క తీస్తే, తాను గుర్తించిన బాధిత కంప్యూటర్లలో నూటికి 98 విండోస్ 7వి అని తేలింది. విండోస్ 7కు అప్పుడు మద్దతు ఇంకా ఉంది. అప్‌డేట్ వచ్చింది కానీ ఆ కంప్యూటర్లలో వేసుకోలేదు.

వెర్షన్ నంబరు కంటే అప్‌డేట్ ముఖ్యమని ఆ దాడి చూపించింది. విండోస్ 10 ఉన్న కంప్యూటర్ 2025 అక్టోబర్ 15న పనిచేయడం మానలేదు, ఎప్పటికీ మానదు కూడా. కొత్తగా బయటపడే లోపాలకు మందు రావడం మాత్రం ఆగిపోతుంది. దొంగ యాక్టివేటర్‌తో నడిచే విండోస్‌లో చాలాసార్లు అప్‌డేట్లను ముందే ఆపేసి ఉంచుతారు. అలాంటి కంప్యూటర్‌కు ఈ ప్రమాదం ఎప్పటి నుంచో ఉన్నదే.

కాబట్టి అచ్చు దుకాణదారు ముందుగా అడగాల్సింది ‘ఏ విండోస్’ అని కాదు, ‘ఈ కంప్యూటర్ ఏం పని చేస్తోంది’ అని. చాలాచోట్ల ఒకే యంత్రం అన్నీ చేస్తుంది. పెళ్లివారు వాట్సాప్‌లో పంపిన మ్యాటర్ దించుకునేదీ అదే, ఎవరెవరో తెచ్చిన పెన్‌డ్రైవ్‌లు గుచ్చేదీ అందులోనే, జీఎస్టీ రిటర్న్ వేసేదీ, బ్యాంకు లావాదేవీలు చూసేదీ, ఇన్‌పేజ్ తెరిచేదీ అందులోనే. అసలు ప్రమాదం ఈ కలగలుపులో ఉంది. కంపోజింగ్‌కు ఇంటర్నెట్ అక్కర్లేదు. ఇంటర్నెట్ పనికి పేజ్‌మేకర్ అక్కర్లేదు. ఈ రెండింటినీ విడదీస్తే సగం చిక్కు విడిపోతుంది.

నెట్‌కు తగిలించిన కంప్యూటర్ మాత్రం అప్‌డేట్లు అందే సిస్టమ్ మీదే ఉండాలి. ఇందులో రెండో మాట లేదు. బ్రౌజర్లు కూడా పాతవాటిని వదిలేస్తున్నాయి. 2023 ఫిబ్రవరి నుంచి విండోస్ 7కు కొత్త క్రోమ్ రావడం లేదు. ఆర్డర్లు తీసుకునే, డబ్బు లెక్క చూసే యంత్రాన్ని అలా వదిలేయడమంటే గల్లాపెట్టెను అరుగు మీద పెట్టి నమాజుకు వెళ్లడమే.

కంపోజింగ్ యంత్రం కథ వేరు. నెట్ తీగ పీకేసి, వైఫై ఆపేసి, దుకాణానికి చెందిన ఒకే పెన్‌డ్రైవ్‌తో, అదీ రెండో కంప్యూటర్‌లో స్కాన్ చేశాకే, ఫైళ్లు అటూ ఇటూ మారుస్తుంటే పాత విండోస్‌తోనే మరికొన్నేళ్లు నడపవచ్చు. అయితే హార్డ్‌డిస్క్ పాతబడి పాడైపోతే ఏ విండోస్ అయినా కాపాడలేదు. అందుకే ఫైళ్ల కాపీ ఇంకోచోట ఉండాలి. రెండు కంప్యూటర్లు పెట్టే చోటు లేకపోతే మరో మార్గముంది. కొత్త విండోస్‌లోనే వర్చువల్‌బాక్స్ వంటి ఉచిత సాఫ్ట్‌వేర్ వేసి, దాని లోపల పాత విండోస్‌ను నెట్ లేకుండా నడపవచ్చు. లైసెన్సు ఉన్న పాత విండోస్ సీడీ మాత్రం కావాలి.

విండోస్ 11 వేయాలనుకుంటే అసలు అడ్డం ప్రాసెసర్ దగ్గర వస్తుంది. 4 జీబీ ర్యామ్, 64 జీబీ స్థలం అన్నవి చాలామందికి ఉన్నవే. సాఫీగా పని జరగాలంటే 8 జీబీ ర్యామ్, ఎస్‌ఎస్‌డీ ఉండాలన్నది వేరే మాట. టీపీఎం 2.0 అనే భద్రతా చిప్ ఉండాలి. అది చాలా యంత్రాల్లో ఉండి కూడా బయోస్‌లో ఆపేసి ఉంటుంది, ఆన్ చేస్తే సరిపోతుంది. ప్రాసెసర్‌ను మాత్రం అలా ఆన్ చేసి సర్దుకోలేం. ఇంటెల్ అయితే ఎనిమిదో తరం లేదా ఆ తర్వాతది కావాలి. సికింద్రాబాద్ పార్క్‌లేన్‌లోని చెనాయ్ ట్రేడ్ సెంటర్ వంటి చోట్ల పాత కంప్యూటర్ కొనేవాళ్లు ‘ఐ5 ఉంది’ అన్న మాటతో తృప్తిపడకూడదు. ఐ5 తర్వాత వచ్చే అంకె చూడాలి. 8400 అయితే ఎనిమిదో తరం, పనికొస్తుంది. 7400 అయితే ఏడోది, అధికారికంగా పనికిరాదు. 4570 అయితే నాలుగోది. ‘ఎందులోనైనా వేసిస్తాం’ అనేవాళ్లూ కనిపిస్తారు. వేయడం వరకు అది నిజమే కావచ్చు. అలా అడ్డదారిలో వేసిన విండోస్‌కు అప్‌డేట్లు వస్తాయన్న హామీ మైక్రోసాఫ్ట్ ఇవ్వదు. అప్‌డేట్ల కోసమే మారుతున్నప్పుడు ఆ బేరం దేనికి? అర్హత ఉన్న కంప్యూటర్‌లో అసలైన విండోస్ 10 ఉంటే 11కు మారడం ఉచితం. మైక్రోసాఫ్ట్ ఇచ్చే పీసీ హెల్త్ చెక్ అనే చిన్న సాఫ్ట్‌వేర్ అర్హత ఉందో లేదో చెప్పేస్తుంది.

అర్హత లేని యంత్రాన్ని తుక్కు కింద అమ్మాలని కాదు. పాతబస్తీలోనే, మూసీ ఒడ్డున 1920లో ప్రారంభమైన హైకోర్టు భవనం వైపు చూస్తే మరో దారి కనిపిస్తుంది. సుప్రీంకోర్టు ఈ-కమిటీ ఆధ్వర్యంలో సాగుతున్న ఈ-కోర్టుల ప్రాజెక్టు తన కంప్యూటర్ల కోసం ఉబుంటు లినక్స్ అనే ఉచిత ఆపరేటింగ్ సిస్టమ్‌ను ఎంచుకుంది. దేశమంతటా కింది కోర్టుల్లో కేసుల వివరాలు నమోదు చేసే సీఐఎస్ సాఫ్ట్‌వేర్ కూడా ఓపెన్ సోర్స్ మీదే కట్టినది. లినక్స్‌కు లైసెన్సు రుసుము ఉండదు, పాత యంత్రాల మీద తేలికగా నడుస్తుంది, అప్‌డేట్లు వస్తూనే ఉంటాయి. హైదరాబాద్‌లోనే పుట్టిన స్వేచ్ఛ సంస్థ ఏళ్ల తరబడి తెలుగులో లినక్స్‌ను తేవడానికి శ్రమించింది. ఇన్‌పేజ్, అను, పేజ్‌మేకర్‌లను లినక్స్‌లో నడపాలనుకుంటే తలనొప్పే తప్ప లాభం ఉండదు. వాట్సాప్ వెబ్, ఈమెయిల్, పీడీఎఫ్ చూడటం వంటి పనులకు మాత్రం నాలుగో తరం ఐ5 మీద లినక్స్ హాయిగా సరిపోతుంది. అలా చూస్తే నెట్ పనికి కొత్త కంప్యూటర్ కొననక్కరే లేదు.

విండోస్ 11కు మారినవాళ్లకు తెలుగు విషయంలో ఒక చిన్న షాక్ తగలవచ్చు. ఎక్స్‌పీతో వచ్చిన గౌతమి, విండోస్ 7తో వచ్చిన వాణి ఫాంట్లు కనిపించకపోవచ్చు. విండోస్ 8 నుంచి నిర్మలా యూఐ ముందుకొచ్చింది. పాత రెండింటినీ విండోస్ 10 నుంచి అదనపు సౌకర్యాల జాబితాలోకి నెట్టారు. సెట్టింగ్స్‌లో ఆప్షనల్ ఫీచర్స్ తెరిచి తెలుగు సప్లిమెంటల్ ఫాంట్స్ ఎంచుకుంటే తిరిగి వస్తాయి. పాత వర్డ్ ఫైళ్లలో వరుసలు జరిగిపోయి, పేజీలు పెరిగితే ముందు అనుమానించాల్సింది దీన్నే.

ఇంకా లోతైన సమస్య అను ఫాంట్లది, పాత ఇన్‌పేజ్‌ది. అను ఫాంటులో టైపు చేసిన ‘శ్రీరస్తు’ కంప్యూటర్‌కు తెలుగు కాదు, ఇంగ్లిషు గుర్తుల వరుస. ఫాంటు తీసేస్తే అర్థంపర్థం లేని అక్షరాలు మిగులుతాయి. పాత ఇన్‌పేజ్ కూడా తన సొంత సంకేతాల్లోనే దాచుకుంటుంది. అన్ని కంప్యూటర్లకూ ఉమ్మడి సంకేత పద్ధతి అయిన యూనికోడ్‌లో ఉన్న మ్యాటర్‌ను మాత్రం ఏ విండోస్‌లోనైనా, ఫోనులోనైనా, లినక్స్‌లోనైనా చదవవచ్చు. ఛత్తా బజార్ దుకాణాల హార్డ్‌డిస్క్‌లలో ఉన్న పాతబస్తీ కుటుంబాల పెళ్లిళ్లు, సంతాప సభలు, ఉర్దూ కవితా సంకలనాలు, తెలుగు కరపత్రాలు ఒక తరం ఊరి చరిత్ర. ఆపరేటింగ్ సిస్టమ్ మార్చడం ఈ ఫైళ్లను యూనికోడ్‌లోకి తెచ్చుకోవడానికి మంచి సందర్భం. అన్నీ మార్చలేకపోయినా ముఖ్యమైనవాటికి పీడీఎఫ్ తీసి పెట్టుకోవాలి. కోరల్‌డ్రాలో చేసిన డిజైన్లకు అసలు ఫైలుతో పాటు, అక్షరాలను కర్వ్స్‌గా మార్చిన కాపీ ఒకటి దాచుకుంటే ఫాంటు పోయినా కార్డు పోదు.

తొందర ఎంత? విండోస్ 10 వాడే వ్యక్తులకు మైక్రోసాఫ్ట్ 2026 అక్టోబర్ 13 దాకా అదనపు భద్రతా అప్‌డేట్ల అవకాశం ఇచ్చింది. 22హెచ్2 వెర్షన్ ఉండి, మైక్రోసాఫ్ట్ ఖాతాతో లాగిన్ అయి, సెట్టింగ్స్ బ్యాకప్ ఆన్ చేసుకుంటే అదనంగా డబ్బు కట్టనక్కర్లేదు. బ్యాకప్ వద్దనుకుంటే 30 డాలర్ల రుసుము. ఈ లోపు మారడానికి అదను చూసుకోవాలి. మొహర్రం నెలలో చాలామంది నిఖాలు పెట్టుకోరు. 2026లో అది జూన్ మూడో వారంలో మొదలవుతుంది. అది ముగిసే రోజులకే, జూలై మధ్యలో, తెలుగువారి ఆషాఢం వచ్చి ఆగస్టు రెండో వారం దాకా ఉంటుంది. ఒకదాని తర్వాత ఒకటిగా రెండు రకాల పెళ్లిళ్లూ తగ్గే ఆ రోజుల్లో పాత హార్డ్‌డిస్క్‌ను తుడవకుండా పక్కన పెట్టి, కొత్త ఎస్‌ఎస్‌డీ మీద విండోస్ వేయాలి. ఒక ఉర్దూ రుక్కా, ఒక తెలుగు శుభలేఖ, ఒక బిల్లు పుస్తకం తెరిచి చూసి, ప్రింటు తీసి, పాత ప్రింటుతో అక్షరం అక్షరం పోల్చుకోవాలి. తేడా వస్తే పాత డిస్క్‌ను మళ్లీ తగిలించడానికి పది నిమిషాలు చాలు.