పాత బ్యాటరీకి తూకమొక్కటేనా?

నందికొట్కూరులో ట్రాక్టరుకు కొత్త బ్యాటరీ కొనబోతే షాపాయన ముందుగా "పాతది తెచ్చినారా?" అంటాడు. తెస్తే కాటా మీద పెట్టి, కిలోల లెక్కన కొత్తదాని ధరలో తగ్గిస్తాడు. అక్కడి నుంచి అది కర్నూలు మీదుగా సీసం కరిగించే ఫ్యాక్టరీ దారి పడుతుంది. వాడేసిన సరుకు తయారీదారు వైపు నడిచే ఈ తిరుగుదారే రివర్స్ లాజిస్టిక్స్. ప్లాస్టిక్ కవర్లను వెనక్కి రప్పించలేక ప్రభుత్వాలు తల పట్టుకుంటుంటే, బ్యాటరీ మాత్రం ఎవరూ చెప్పకుండానే బండెక్కుతుంది. దాని బరువులో సగానికి పైగా సీసమే మరి. ఎన్నిసార్లు కరిగించినా సీసం గుణం పోదు. తిరుపతి దగ్గర 1985లో మొదలైన అమరరాజా సంస్థ, తమిళనాడులోని చెయ్యారులో సీసం రీసైక్లింగ్ ప్లాంటు పెట్టిందంటే ఊరికే కాదు.

తిరిగి రానిదల్లా ఆ బ్యాటరీ ఎందుకు చచ్చిందన్న సమాచారం.

12 వోల్టుల బ్యాటరీలో ఆరు సెల్లులుంటాయి. మెకానిక్ ఒక్కో మూత విప్పి హైడ్రోమీటరు ముంచుతాడు. నిండుగా చార్జయిన సెల్లులో యాసిడ్ సాంద్రత 1.280 దగ్గర నిలుస్తుంది. ఐదు సెల్లులు బాగుండి ఒకటే అడుగంటితే ఆ సెల్లు లోపల దెబ్బతిన్నట్టు. ఆరూ ఒకే తీరుగా పడిపోయి, చార్జింగు పెట్టినా లేవకపోతే అనుమానం సల్ఫేటు మీదికి పోతుంది: పనుల్లేని నెలల్లో ట్రాక్టరు కదలక, చార్జి దిగిపోయి, ప్లేట్ల మీద సీసపు సల్ఫేటు గట్టిపడి ఉంటుంది. ఎండలకు నీళ్లు ఇంకిపోతే డిస్టిల్డ్ వాటర్ బదులు బోరు నీళ్లు పోసేవాళ్లూ ఉన్నారు. ఆ నీళ్లలోని లవణాలు ప్లేట్లను తినేస్తాయి. మెకానిక్ ఐదు నిమిషాల్లో పట్టేసిన ఈ సంగతంతా కాటా ఎక్కగానే గాలికి పోతుంది.

వారంటీలో ఉంటే కథ వేరు. డబ్బా మీది సీరియల్ నంబరు కంప్యూటరుకెక్కుతుంది. ఒకే బ్యాచ్ సరుకు పది ఊళ్ల నుంచి తిరిగొస్తే లోపం తయారీలోనే ఉందని కంపెనీ పసిగడుతుంది. అంటే అకాల మరణాలకే పంచనామా! ఈ ఎండల్లో ఏళ్ల తరబడి నిలిచిన బ్యాటరీని అడిగే నాథుడు లేడు. నా దృష్టిలో ఇంజినీరుకు ఎక్కువ పాఠం చెప్పేది అదే.

2022 బ్యాటరీ వ్యర్థాల నిబంధనలు కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి పోర్టల్లో కంపెనీలకూ రీసైక్లర్లకూ నమోదు తప్పనిసరి చేశాయి. ట్రాక్టరు లాంటి వాహనాలను స్టార్టు చేసే పాత బ్యాటరీలోని పదార్థాల్లో కనీసం 60 శాతం తిరిగి రాబట్టాలి. ఎంత రీసైకిల్ చేశారో చూపే సర్టిఫికెట్టు రీసైక్లరుకు ఇచ్చేది మాత్రం ప్రధానంగా బరువును బట్టే. కాటా లెక్క కంప్యూటరుకెక్కింది, అంతే. ఆ లెక్కకూ సరుకుకూ లంకె తెగితే ఏమవుతుందో ప్లాస్టిక్ రీసైక్లింగ్‌లో 2023లో బయటపడ్డ నకిలీ సర్టిఫికెట్లు చూపించాయి.

ఐరోపా సమాఖ్య 2027 ఫిబ్రవరి నుంచి విద్యుత్ వాహనాల బ్యాటరీలు ఒక్కొక్కదానికీ డిజిటల్ పాస్‌పోర్టు అడుగుతోంది. క్యూఆర్ కోడ్ స్కాన్ చేస్తే దాని పుట్టుక, లోపలి పదార్థాలు తెలియాలి. ట్రాక్టరును స్టార్టు చేసే సీసపు బ్యాటరీకి మాత్రం అక్కడా ఆ నిబంధన లేదు.