వర్తకుని చేవ్రాలు - అతని పూచీ



హుస్నాబాదువంటి పట్టణములయందు చిన్న వర్తకము చాలవఱకు నోటిమాట మీదను, ముఖపరిచయము మీదను సాగుచుండును. సరుకు అరువు తెచ్చునపుడును, బ్యాంకులో అప్పు తీయునపుడును మాత్రము కాగితముపై చేవ్రాలు చేయవలసివచ్చును. ఆ చేవ్రాలు దుకాణమును మాత్రమే బంధించునా, లేక చేసినవాని యింటిని, పొలమును గూడ బంధించునా? నేడు విచారింపదలచిన ప్రశ్న యిదియే.

ఒక్కడు నడుపు దుకాణమునకు చట్టము దృష్టిలో వేఱు వ్యక్తిత్వము లేదు. బోర్డుపై నే పేరు వ్రాయించినను, దుకాణపు బాకీ యజమాని బాకీయే. కొందఱు కలసి భాగస్థులైనచో, 1932వ సంవత్సరపు భాగస్వామ్య చట్టము ననుసరించి సంస్థ బాకీకి ప్రతి భాగస్థుడును పూర్తిగా బాధ్యుడు. నాలుగవ వంతు లాభమే పుచ్చుకొనువాని నుండియు మొత్తము రాబట్టుకొను హక్కు ఋణదాతకు కలదు. పిమ్మట అతడు తక్కినవారి పాళ్లకై వారి వెంట తిరుగవలసినదే.

ఈ భారమును తగ్గించుటకు కంపెనీ పద్ధతి కలదు. 2008వ సంవత్సరపు చట్టముచే పరిమిత బాధ్యత గల భాగస్వామ్యమును, 2013వ సంవత్సరపు కంపెనీల చట్టముచే ఏకవ్యక్తి కంపెనీయు చిన్న వర్తకులకు అందుబాటులోనికి వచ్చినవి. వీనియందు సంస్థ వేఱు, మనిషి వేఱు. అయినను ఈ భేదమును రెండు విధములైన చేవ్రాళ్లు చెఱుపగలవు.

మొదటిది, ఎవరి పక్షమున చేయుచున్నామో తెలుపని చేవ్రాలు. యజమాని పేరు వెల్లడింపని ప్రతినిధి తానే బాధ్యుడగునని 1872వ సంవత్సరపు కాంట్రాక్టు చట్టము భావించును. ప్రోనోటు, చెక్కు విషయమున 1881వ సంవత్సరపు చట్టమును ఇట్లే చెప్పుచున్నది. కావున కంపెనీ పేరు పూర్తిగా వ్రాసి, దాని పక్షమున డైరెక్టరు హోదాలో చేయుచున్నట్లు తెలిపి, అటుపిమ్మటనే చేవ్రాలు చేయవలెను. స్టాంపు అంటించిన ఖాళీ ప్రోనోటుపై చేవ్రాలు చేసి యిచ్చుట మఱింత ప్రమాదము. దానిని పూరించుకొను అధికారము పుచ్చుకొన్నవానికి ఇచ్చినట్లే యగును.

రెండవది జామీను. బ్యాంకువారు కంపెనీకి అప్పిచ్చుచు, డైరెక్టరును, ఒక్కొక్కప్పుడు అతని బంధువును గూడ, జామీనుదారుగా చేవ్రాలు చేయుమందురు. “ఇది పేరునకు మాత్రమే” యను మాట నమ్మరాదు. కాగితములో వేఱుగా వ్రాసికొననిచో, జామీనుదారుని బాధ్యత అసలు ఋణస్థుని బాధ్యతతో సమానము. ముందుగా ఋణస్థుని ఆస్తిపై పడి, అది చాలనప్పుడే జామీనుదారుని అడుగవలెనన్న నియమమును సర్వోన్నత న్యాయస్థానము 1968వ సంవత్సరమున బీహారు బ్యాంకు వ్యాజ్యమునందు అంగీకరింపలేదు.

మఱి తప్పనిసరియైనచో నేమి చేయవలెను? ఇంత మొత్తమునకే, ఇంత కాలమునకే జామీను అని కాగితములోనే వ్రాయించుకొనవలెను. మునుముందు జరుగు వ్యవహారములకు సాగు జామీనునైతే, ఇకమీది వాని మట్టుకు లిఖిత నోటీసుతో విరమించుకొనవచ్చును. పాత బాకీ మాత్రము తప్పదు. జామీనుదారుని సమ్మతి లేక షరతులు మార్చినచో, తరువాతి వ్యవహారములకు అతడు విముక్తుడగును. కాని అట్టి మార్పులకు ముందే సమ్మతించినట్లు అచ్చు కాగితములలో తఱచుగా వ్రాసియుండును. కావున చిన్న అక్షరములను గూడ చదివించుకొని వినవలెను. భాగము విడిచిపోవు భాగస్థుడు బహిరంగ ప్రకటన చేయుటయు, బ్యాంకునకు నోటీసిచ్చుటయు మఱువరాదు.

కాగితము ఇంగ్లీషున నున్నచో, తెలిసిన వకీలుచే తెలుగున అర్థము చెప్పించుకొనుడు. నకలు అడిగి తీసికొని ఇంట భద్రపఱచుడు. ఇందుకు ఒక దినము గడువడిగినచో ఇచ్చువానికి నష్టము లేదు. అడుగకున్నచో పుచ్చుకొనువాని బిడ్డల నీడయే పోవచ్చును.