తిండి తగ్గినా.. తూకం తగ్గదేం?

* బరువుపై హార్మోన్ల పెత్తనం
* సొంత వైద్యంతో ముప్పేనంటున్న వైద్యులు

తెల్లవారుజామున కళాశాల మైదానం చుట్టూ నడక. మధ్యాహ్నం అన్నం సగానికి తగ్గింపు. రాత్రికి రెండు పుల్కాలు. తొలి రెండు నెలల్లో నాలుగైదు కిలోలు తగ్గిన బరువు ఆ తర్వాత ఎంతకీ కదలదు. ఏడాది తిరిగేసరికి పోయిన కిలోలన్నీ మళ్లీ వచ్చి చేరతాయి. 'నోరు కట్టుకోలేకపోయారు' అంటూ అయినవారే ఎత్తిపొడుస్తారు. పట్టణం, పల్లె అన్న తేడా లేకుండా ఎన్నో ఇళ్లలో కనిపించే పరిస్థితి ఇది. దీనికి పట్టుదల లోపం ఒక్కటే కారణం కాదు. ఆకలిని, కొవ్వు నిల్వను, శక్తి ఖర్చును శాసించే హార్మోన్ల ప్రభావం కూడా ఉంటుంది. అలాగని నెపమంతా హార్మోన్లపైకి నెట్టి, దుకాణంలో దొరికిన మాత్రలు మింగితే మాత్రం ప్రాణం మీదికి వస్తుంది.

ఆకలి పెంచేదొకటి.. తగ్గించేదొకటి

శరీరంలోని కొవ్వు కణాలు లెప్టిన్ అనే హార్మోన్‌ను విడుదల చేస్తాయి. దీని జన్యువును 1994లో అమెరికాలోని రాక్‌ఫెల్లర్ విశ్వవిద్యాలయ శాస్త్రవేత్త జెఫ్రీ ఫ్రీడ్‌మన్ బృందం గుర్తించింది. ఒంట్లో కొవ్వు నిల్వ సరిపడా ఉందన్న సమాచారాన్ని మెదడుకు చేరవేసి ఆకలిని అదుపులో ఉంచడం లెప్టిన్ పని. దీనికి విరుద్ధంగా పనిచేసేది గ్రెలిన్. జపాన్ శాస్త్రవేత్తలు 1999లో కనుగొన్న ఈ హార్మోన్ ప్రధానంగా జీర్ణాశయంలో తయారై ఆకలిని పుట్టిస్తుంది.

స్థూలకాయుల్లో లెప్టిన్ అధికంగానే ఉన్నా మెదడు దానికి సరిగా స్పందించదు. తిండి తగ్గించి బరువు తగ్గితే లెప్టిన్ బాగా పడిపోతుంది, గ్రెలిన్ పెరుగుతుంది. కరవు వచ్చిందన్నట్లుగా శరీరం ఆకలిని పెంచి, శక్తి ఖర్చును తగ్గించుకుంటుంది. పది వారాల పాటు కఠిన ఆహార నియమాలు పాటించి బరువు తగ్గిన వారిని ఆస్ట్రేలియా పరిశోధకులు పరిశీలించగా, ఏడాది గడిచినా ఆకలి హార్మోన్లు పూర్వస్థితికి రాలేదని తేలింది. ఈ ఫలితాలు 2011లో వెలువడ్డాయి. అమెరికాలో బరువు తగ్గే టీవీ పోటీలో పాల్గొన్న 14 మందిపై 2016లో వెలువడిన మరో అధ్యయనం ఇంకా ఆశ్చర్యకరమైనది. పోటీ ముగిసిన ఆరేళ్ల తర్వాత కూడా వారి శరీరం విశ్రాంతిలో ఖర్చు చేసే శక్తి, ఉండవలసిన దానికన్నా రోజుకు సుమారు 500 కెలోరీలు తక్కువగా ఉంది.

పొట్ట చుట్టూ ఇన్సులిన్

అన్నం తిన్న తర్వాత రక్తంలో చేరిన చక్కెరను కణాల్లోకి పంపేది ఇన్సులిన్. మిగిలిన శక్తిని కొవ్వుగా నిల్వ చేయించేదీ, ఆ కొవ్వు కరగకుండా ఆపేదీ ఇదే. పొట్ట పెరిగి, శరీరశ్రమ తగ్గినప్పుడు కణాలు ఇన్సులిన్‌కు సరిగా స్పందించవు. అప్పుడు క్లోమం మరింత ఇన్సులిన్‌ను విడుదల చేస్తుంది. భారతీయుల్లో చూడటానికి సన్నగా ఉన్నవారికీ పొట్టలో కొవ్వు పేరుకునే స్వభావం ఎక్కువ. అందుకే నడుము చుట్టుకొలత పురుషులకు 90, స్త్రీలకు 80 సెంటీమీటర్లు దాటితే జాగ్రత్త పడాలన్నది వైద్యుల సూచన. మెడ వెనుక చర్మం నల్లబడి మందంగా మారడం ఇన్సులిన్ సరిగా పనిచేయడం లేదనడానికి ఒక గుర్తు. చాలామంది దీన్ని మురికి అనుకుని రుద్ది కడుగుతుంటారు.

అండాశయాల్లో నీటితిత్తులుగా పిలిచే పీసీఓఎస్ సమస్యలోనూ ఇన్సులిన్ పాత్ర ఉంటుంది. నెలసరి తప్పడం, ముఖంపై అవాంఛిత రోమాలు, బరువు పెరగడం దీని లక్షణాలు. అధిక బరువున్న వారు అందులో 5 నుంచి 10 శాతం తగ్గించుకోగలిగితే నెలసరి గాడిన పడే అవకాశం మెరుగవుతుంది.

థైరాయిడ్‌పై అపోహలు

లావెక్కిన ప్రతివారూ ముందుగా అనుమానించేది థైరాయిడ్‌నే. ఈ హార్మోన్ తగ్గితే నీరసం, మలబద్ధకం, చలికి తట్టుకోలేకపోవడం, జుట్టు రాలడంతో పాటు బరువూ పెరుగుతుంది. అయితే ఈ పెరుగుదల సాధారణంగా రెండు నుంచి అయిదు కిలోలే. అందులోనూ ఎక్కువ భాగం ఒంట్లో నిలిచిపోయిన ఉప్పు, నీరు. టీఎస్‌హెచ్ రక్తపరీక్షతో లోపం బయటపడుతుంది. లోపం లేనివారు సన్నబడటానికి థైరాయిడ్ మాత్రలు వాడితే గుండె లయ తప్పడం, ఎముకలు గుల్లబారడం వంటి ప్రమాదాలు పొంచి ఉంటాయి. ఇంట్లో ఒకరికి రాసిన మాత్రలు మరొకరు వేసుకోవడం ఏమాత్రం తగదు.

కొనితెచ్చుకునే లావు

కీళ్లనొప్పులు, ఆయాసం, దురదలకు వైద్యుల పర్యవేక్షణ లేకుండా నెలల తరబడి స్టెరాయిడ్ మాత్రలు, ఇంజెక్షన్లు వాడేవారు గ్రామాల్లో ఉన్నారు. ఇవి శరీరంలో సహజంగా తయారయ్యే కార్టిసాల్‌లాగే పనిచేస్తాయి. తొలి రోజుల్లో నొప్పి మాయమై ఆకలి పెరుగుతుంది. దాన్ని బలం పుంజుకోవడంగా భ్రమపడతారు. క్రమేణా ముఖం గుండ్రంగా ఉబ్బి, పొట్ట పెరిగి, కాళ్లూ చేతులూ సన్నబడతాయి. మధుమేహం, రక్తపోటు తోడవుతాయి. ఈ సంగతి తెలిసిన వెంటనే మందును ఒక్కసారిగా మానేయడం కూడా ప్రమాదకరమే. అప్పటికి శరీరం సొంతంగా కార్టిసాల్ తయారుచేసుకోవడం తగ్గించి ఉంటుంది కనుక వైద్యుల పర్యవేక్షణలో మెల్లగా తగ్గించుకోవాలి.

నిద్రలేమి ప్రభావమూ తక్కువేమీ కాదు. షికాగో విశ్వవిద్యాలయ పరిశోధకులు 12 మంది యువకులను రెండు రాత్రులు నాలుగేసి గంటలే పడుకోనివ్వగా లెప్టిన్ 18 శాతం తగ్గి, గ్రెలిన్ 28 శాతం పెరిగిందని 2004లో వెల్లడించారు.

ఇంజెక్షన్లు వచ్చినా..

భోజనం తర్వాత పేగుల్లో విడుదలయ్యే జీఎల్‌పీ-1 హార్మోన్‌ను అనుకరించే మందులు ఇటీవల ప్రాచుర్యంలోకి వచ్చాయి. టిర్జెపటైడ్ 2025 మార్చిలో, బరువు తగ్గించే మోతాదులో సెమాగ్లుటైడ్ అదే ఏడాది జూన్‌లో మన దేశ మార్కెట్లోకి వచ్చాయి. ఇవి ఆకలిని తగ్గిస్తాయి. వికారం, వాంతులు వంటి ఇబ్బందులూ ఉంటాయి. మందు ఆపితే ఆకలి తిరిగొస్తుంది. సెమాగ్లుటైడ్ ఆపిన ఏడాదిలో, తగ్గిన బరువులో మూడింట రెండు వంతులు తిరిగి పెరిగినట్లు 2022లో ప్రచురితమైన అధ్యయనం తెలిపింది. కనుక వైద్యుల చీటీ లేకుండా వీటి జోలికి వెళ్లరాదు.

ఏం చేయాలి?

* కారణం తెలియకుండా బరువు పెరుగుతుంటే వైద్యులను సంప్రదించి థైరాయిడ్, చక్కెర పరీక్షలు చేయించుకోవాలి. వాడుతున్న మందులన్నీ వారికి చూపించాలి.
* పళ్లెంలో అన్నం తగ్గించి పప్పు, కూరలు, గుడ్డు వంటివి పెంచితే కడుపు నిండిన భావన ఎక్కువసేపు ఉంటుంది.
* వారానికి కనీసం 150 నిమిషాల చురుకైన నడకతో పాటు కండరాలకు పనిచెప్పే వ్యాయామం చేయాలి.
* రాత్రి కనీసం ఏడు గంటలు నిద్రపోవాలి.
* తొలి లక్ష్యం 5 శాతం చాలు. 80 కిలోలున్నవారు నాలుగు కిలోలు తగ్గినా చక్కెర, రక్తపోటు అదుపునకు మేలు చేస్తుంది.

తగ్గిన బరువు తిరిగి పెరిగిందని కుంగిపోవలసిన పనిలేదు. శరీరం తన నిల్వను కాపాడుకునే ప్రయత్నం చేస్తోందని గ్రహించి, నియమాలను నెలలకు పరిమితం చేయక ఏళ్ల తరబడి కొనసాగించడమే మార్గం. ఇంట్లోవారు ఎత్తిపొడుపులు మాని, వారితో పాటు రెండడుగులు నడిస్తే అదే పెద్ద సాయం.